పన్నెండు రోజుల సెలవు, నాలుగు దేశాల జాబితా



గత నెల వచ్చిన ఉత్తరాలలో ఒకటి నన్ను చాలా రోజులు ఆలోచనలో పడవేసింది. రాసినవారు నెల్లూరు జిల్లా అల్లూరు ప్రాంతంలోని ఒక తీరగ్రామానికి చెందిన సోదరి. ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయిని. భర్తది చేపల వ్యాపారం. ఇంట్లో 71 ఏళ్ళ అత్తగారు, ఇంటర్మీడియట్ ముగించబోతున్న కుమార్తె, ఏడో తరగతి చదువుతున్న కుమారుడు ఉన్నారు. పదేళ్ళుగా కూడబెట్టిన డబ్బుతో కుటుంబమంతా ఒక్కసారి విదేశయాత్ర చేయాలని సంకల్పించారు.

మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం గనుక భర్తకు అప్పుడే తీరిక. వేసవి సెలవులు గనుక ఆమెకూ అప్పుడే తీరిక. అయితే అమ్మాయి ప్రవేశ పరీక్షలు, బడి పనులు, బంధువుల ఇంట ఒక నికాహ్, ఇవన్నీ పోగా ఐదుగురికీ కలిసివచ్చేవి మే నెలలో పన్నెండు రోజులే. ఆ పన్నెండు రోజులకు వారు వేసుకున్న జాబితా ఇది: ముందుగా షార్జాలో మరిది ఇల్లు, తర్వాత మక్కా, మదీనా, అటు నుంచి పిల్లల ముచ్చట కోసం ఇస్తాంబుల్, తిరుగుదారిలో దోహాలో ఆడపడుచు ఇల్లు. మొత్తం నాలుగు దేశాలు. ఇది సాధ్యమేనా, ఎలా అమర్చుకోవాలి అన్నది ఆమె ప్రశ్న.

మూడు పుటల ఆ ఉత్తరంలో చిట్టచివర ఒక వాక్యం ఉంది. మీకేం చూడాలని ఉందని అత్తగారిని అడిగితే, మదీనాలో నాలుగు రోజులు తొందర లేకుండా కూర్చోనిస్తే చాలన్నారట. ఆ వాక్యాన్ని దృష్టిలో పెట్టుకునే ఈ నెల మాట్లాడుకుందాం.

గాలి చెప్పిన కాలం

మన నెల్లూరు తీరానికి విదేశయానం కొత్త కాదు. 14వ శతాబ్దపు పారసీక చరిత్రకారుడు వస్సాఫ్ 'మాబర్' అనే తీరదేశాన్ని వర్ణిస్తూ, అది కొల్లం నుంచి 'నీలావర్' దాకా వ్యాపించి ఉందని రాశాడు. ఆ నీలావరే నేటి నెల్లూరని చరిత్రకారుల అభిప్రాయం. అరబ్బు గుర్రాలను ఓడలలో ఎక్కించుకొని ఈ తీరదేశానికి వచ్చిన వర్తకులు నైరుతి గాలులతో వచ్చేవారు, ఈశాన్య గాలులు వీచాక గాని తిరిగి వెళ్ళేవారు కారు. గాలి మారేదాకా నెలల తరబడి ఆగవలసిందే. ఎక్కడ ఎన్నాళ్ళుండాలో వారికి గాలి చెప్పేది.

నేడు మనకు సెలవుచీటీ చెబుతున్నది. విమానం సముద్రాన్ని ఆరు గంటలకు కుదించింది గాని మన సెలవును పెంచలేదు. అందువల్ల యాత్రకు ప్రణాళిక వేయడమంటే ఎన్ని చోట్లు చేర్చాలన్నది కాదు, ఏవి వదులుకోవాలో నిర్ణయించుకోవడం.

పన్నెండులో ఎన్ని మిగులుతాయి?

సోదరీ, ముందుగా రోజులను లెక్కపెడదాం. మీ ఊరి నుంచి చెన్నై విమానాశ్రయం 200 కిలోమీటర్లకు పైనే. కారులో నాలుగు గంటలకు తక్కువ పట్టదు. అంతర్జాతీయ విమానానికి మూడు గంటల ముందే చేరాలి. గల్ఫ్ దేశాలకు ప్రయాణం నాలుగు నుంచి ఆరు గంటలు, దిగిన తర్వాత ఇమిగ్రేషన్ వరుస, సామాను, బసకు చేరడం. అంటే వెళ్ళే రోజు ఒకటి, వచ్చే రోజు ఒకటి పూర్తిగా దారికే అంకితం. మిగిలినవి పది.

షార్జా నుంచి సౌదీకి, సౌదీ నుంచి ఇస్తాంబుల్‌కు, ఇస్తాంబుల్ నుంచి దోహాకు మూడుసార్లు దేశం మారాలి. ఒక్కొక్క విమానప్రయాణం మూడు నాలుగు గంటలే కావచ్చు. కాని గది ఖాళీ చేసిన క్షణం నుంచి మరో గదిలో సామాను దించే క్షణం దాకా లెక్కిస్తే పది గంటలు గడుస్తాయి. అంటే మూడు పగళ్ళు. మిగిలినవి ఏడు. మదీనా నుంచి మక్కాకు 450 కిలోమీటర్లు. హరమైన్ రైలులో రెండున్నర గంటల లోపే చేరవచ్చు గాని, ఇహ్రామ్ సన్నాహం, స్టేషనుకు వెళ్ళిరావడం కలిపితే సగం రోజు. పెద్దావిడకు ఎక్కడో ఒకచోట విశ్రాంతికి ఒక రోజు. మిగిలినవి ఐదున్నర రోజులు. వాటిని నాలుగు దేశాలకు పంచండి. మదీనాకు దక్కేది ఒక్క రోజు.

ఇక్కడ ఒక సూత్రం చెబుతాను, గుర్తుంచుకోండి. యాత్రను రోజులతో కాక రాత్రులతో లెక్కించాలి. ఒక ఊరిలో మూడు రాత్రులు నిద్రిస్తే గాని అక్కడ రెండు పూర్తి పగళ్ళు దక్కవు. వృద్ధులు, పిల్లలు వెంట ఉన్నప్పుడు మూడు రాత్రులకు తక్కువైన మజిలీ ఏదీ పెట్టుకోకపోవడం మేలు. బంధువుల ఇల్లొక్కటే ఇందుకు మినహాయింపు.

రెండు పంచాంగాలు

రెండో చిక్కు రోజుల సంఖ్యది కాదు, నెలది. మన సెలవులు సూర్యమానాన్ని అనుసరిస్తాయి, హజ్, రంజాన్ చాంద్రమానాన్ని అనుసరిస్తాయి. హిజ్రీ సంవత్సరం ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2025లో హజ్ జూన్ మొదటి వారంలో జరిగింది. 2026లో అది మే చివరి వారానికి, 2027లో మే మధ్యకు వస్తుంది. హజ్‌కు కొన్ని వారాల ముందే, సుమారుగా షవ్వాల్ నెల మధ్య నుంచే, ఉమ్రా యాత్రికుల రాకను సౌదీ ప్రభుత్వం ఆపివేస్తుంది. హజ్ అనుమతి లేనివారిని ఆ రోజుల్లో మక్కాలోకి రానివ్వరు. కాబట్టి మీకు తీరిక చిక్కే మే నెలలోనే ఉమ్రా ద్వారం మూసి ఉంటుంది. ఈ సంగతి తెలియక విమాన టికెట్లు కొని నష్టపోయిన కుటుంబాలను నేనెరుగుదును.

పోనీ, హజ్ ముగిశాక జూన్‌లో వెళ్దామంటే ఎండ. 2024 హజ్ సమయంలో మక్కాలో ఉష్ణోగ్రత 50 డిగ్రీలు దాటింది. ఆ ఏడు 1,301 మంది మరణించారని సౌదీ ప్రభుత్వమే ప్రకటించింది. వారిలో ఎక్కువమంది అనుమతి లేకుండా, తగిన నీడా వసతీ లేకుండా ఎండలో నడిచినవారు. ఉమ్రాలో అంత శ్రమ ఉండదు, నిజమే. అయినా 71 ఏళ్ళ మనిషిని వేసవి నడిమధ్యన అక్కడికి తీసుకుపోవడం వివేకం కాదు.

మరి ఎప్పుడు? సంక్రాంతికి. మన రాష్ట్రంలో పాఠశాలలకు తొమ్మిది పది రోజుల సెలవులుంటాయి. మరో రెండు మూడు రోజుల సొంత సెలవు దొరికితే మీ పన్నెండు రోజులు సిద్ధం. జనవరిలో మక్కా పగటివేళ మన ఫిబ్రవరి ఎండలా ఉంటుంది. మదీనా రాత్రులు చల్లగా ఉంటాయి, శాలువా కావాలి.

అయితే ఈ అవకాశం ఎంతోకాలం ఉండదు. 2027లో రంజాన్ ఫిబ్రవరి రెండో వారంలో, 2028లో జనవరి చివరలో మొదలవుతుంది. 2029 నాటికి సంక్రాంతి సెలవుల్లోకే వచ్చేస్తుంది. రంజాన్ ఉమ్రా పుణ్యం గొప్పదే, కాని ఆ జనసమ్మర్దం, ఆ గది అద్దెలు మీ ఇంటి పెద్దావిడకూ, మీ పొదుపుకూ భారమే. ముందున్న ఒకటి రెండు జనవరులే మీకు అనుకూలం. వచ్చే జనవరికి అమ్మాయి కళాశాలలో చేరి ఉంటుంది, అబ్బాయి ఇంకా పదో తరగతికి రాడు.

దీనికి మీ కుటుంబం చెల్లించవలసిన మూల్యం ఒకటుంది. జనవరి మీ వారి వ్యాపారానికి పనికాలం. పన్నెండు రోజులు కాటాను, లెక్కలను నమ్మకమైన మనిషికి అప్పగించాలి. కొంత ఆదాయం పోతుంది. ఆ నష్టాన్ని కూడా యాత్ర ఖర్చులో ఒక పద్దుగా ఇప్పుడే రాసుకోండి.

మా ఇంటి పొరపాటు

ఇదంతా నేను పుస్తకం చూసి చెప్పడం లేదు. కొన్నేళ్ళ క్రితం మా అమ్మీని తొమ్మిది రోజుల్లో మూడు దేశాలు తిప్పాను. దుబాయిలో అన్నయ్య ఇల్లు, తర్వాత మదీనా, మక్కా, ఆపై దోహాలో మేనల్లుడి ఇల్లు. కాగితం మీద ఎంతో ముచ్చటగా కనిపించింది. దుబాయి నుంచి బయలుదేరవలసిన విమానం తొమ్మిది గంటలు ఆలస్యమైంది. మదీనాలో మేము అనుకున్న రెండు రోజులు ఒక్క రోజుకు కుదించుకుపోయాయి. అమ్మీ కాళ్ళు వాచాయి. మర్నాడు ఉదయమే మక్కా బస్సు. నేను గడియారం చూస్తూ ఆమెను తొందరపెట్టాను. ఆమె ఒక్క మాట కూడా అనలేదు.

దోహాలో ఆమెను ఒక పెద్ద మాల్‌కు తీసుకువెళ్ళాం. లోపల కాలువ, అందులో పడవలు. సముద్రం ఒడ్డున పుట్టి పెరిగిన మనిషికి పడవలు చూపించామన్నమాట. నా దగ్గరున్న ఫోటోలో ఆమె బల్ల మీద కూర్చొని కళ్ళు మూసుకొని ఉంది.

రెండేళ్ళ తర్వాత ఆమె అల్లాహ్ సన్నిధికి చేరారు. ఆమె సామాను సర్దుతుండగా గుడ్డసంచీలో మడిచిన కాగితం దొరికింది. దైవప్రవక్త (స)కు మా సలాం చెప్పమని కోరిన మా వీధివాళ్ళ పేర్లు, ఉర్దూలో, ఆమె చేతిరాతతో ఉన్నాయి. మొత్తం 43 పేర్లు. పంతొమ్మిదింటి పక్కన మాత్రం గీత ఉంది. మిగిలిన ఇరవై నాలుగు పేర్ల దగ్గరికి రాకముందే నేను ఆమెను బస్సెక్కించాను.

ఆమె మనసులో అందరి పేర్లూ తలచుకొనే ఉంటుందని మా చెల్లెలు అంటుంది. అయి ఉండవచ్చు. నాకు మాత్రం ఆ కాగితం మీది గీతలే కనబడతాయి.

బంధువులను నొప్పించకుండా

మన యాత్రలు ఉబ్బిపోవడానికి అసలు కారణం పిల్లల కోరికలు కావు. బంధుత్వం. 'అంత దూరం వచ్చి మా ఇంటికి రాకుండా పోతారా' అన్న మాటకు మనం జడుస్తాం. బంధుత్వాన్ని కలుపుకోవడం మన ధర్మంలో విధి. అయితే ఆ కలయిక ఎవరి గుమ్మంలో జరగాలన్న నియమం లేదు.

దోహాలోని మీ ఆడపడుచుకు ఒక మాట రాయండి. గల్ఫ్ దేశాలలో నివాస అనుమతి ఉన్నవారు సౌదీకి ఆన్‌లైన్‌లోనే వీసా పొందవచ్చు. ఖతర్‌లో శుక్ర, శనివారాలు సెలవు. ఆమెనే మదీనాకు రమ్మనండి. తల్లీకూతుళ్ళు మస్జిదె నబవీ ప్రాంగణంలో రెండు రోజులు పక్కపక్కన కూర్చుంటారు. దోహాలో ఆమె పెట్టే విందు కంటే మీ అత్తగారికి అది ఎక్కువ. మీకు ఒక దేశం తగ్గుతుంది, ఒక విమానం తగ్గుతుంది.

ఇలా అమర్చుకుంటే

పన్నెండు రోజులకు నా సూచన ఇది. మొదటి రోజు చెన్నై నుంచి మదీనాకు, దారిలో ఒకచోట విమానం మారవలసి వచ్చినా సరే. మదీనాలో నాలుగు రాత్రులు. ముందు మదీనాకు వెళ్ళడంలో మేలుంది. ప్రయాణపు అలసట తీరాక, ఊరి చివరనున్న జుల్‌హులైఫా మీఖాత్ నుంచి ఇహ్రామ్‌తో మక్కాకు వెళ్ళవచ్చు. విమానంలో ఇహ్రామ్ గురించిన కంగారు ఉండదు. వెళ్ళిన దారినే తిరిగి రావలసిన పని కూడా లేదు. మక్కాలో నాలుగు రాత్రులు. అక్కడి నుంచి జిద్దా మీదుగా షార్జాకు, మరిది ఇంట రెండు రాత్రులు. పన్నెండో రోజు చెన్నై. మొత్తం రెండు దేశాలు, మూడు మజిలీలు.

టికెట్ కొనేటప్పుడు ఒకే బుకింగ్‌లో 'మల్టీ సిటీ' అన్న పద్ధతి ఎంచుకోండి. ఒక ఊరిలో దిగి మరో ఊరి నుంచి ఎక్కే సౌలభ్యం అందులో ఉంటుంది. విడివిడిగా కొన్న టికెట్లలో మొదటి విమానం ఆలస్యమైతే రెండో విమాన సంస్థకు ఏ బాధ్యతా ఉండదు. ఇంటికి చేరిన మరునాడే బడికి వెళ్ళేలా తిరుగు టికెట్ కొనకండి. ఒక రోజు చేతిలో ఉంచుకోండి.

ఇస్తాంబుల్ మాటేమిటి? పిల్లల కోరికను నేను కొట్టివేయడం లేదు. మిమార్ సినాన్ నిర్మించిన సులేమానియా మసీదును వారు చూడవలసిందే. కాని అమెరికా, బ్రిటన్, షెంగెన్ వంటి వీసాలు లేని భారతీయులకు తుర్కియే ఆన్‌లైన్ వీసా ఇవ్వదు. కాగితాలతో దరఖాస్తు చేసి వారాల తరబడి వేచి ఉండాలి. దాన్ని మరో ఏడాది మే నెలకు, వేట నిషేధకాలానికి అట్టిపెట్టండి. అప్పుడు అక్కడ వాతావరణం హాయిగా ఉంటుంది, మీ వారికీ తీరిక. అప్పటికీ అది కష్టమనిపిస్తే ఉజ్బెకిస్తాన్ ఉంది. ఆన్‌లైన్ వీసాతో వెళ్ళవచ్చు. ఇమామ్ బుఖారీ సమాధి సమర్‌ఖంద్ సమీపంలోనే ఉంది. తాష్కెంట్, సమర్‌ఖంద్, బుఖారా నగరాలను వేగమైన రైలు కలుపుతుంది. ఒకే దేశం, ఒకే వీసా, మూడు నగరాలు. అయితే మే చివరికల్లా అక్కడ ఎండ ముదురుతుంది, నెల మొదట్లో వెళ్ళడం మంచిది.

కాగితాలు, మందులు, మసాలాలు

మీరు ప్రభుత్వ ఉద్యోగి గనుక, సెలవు రోజుల్లో వెళ్ళినా సరే, విదేశయానానికి శాఖాపరమైన అనుమతి ముందుగా తీసుకోవాలి. ఆ ఫైలు ఎన్ని బల్లలు దాటాలో మీకు తెలుసు. మొదట ఆ అర్జీ పెట్టి, తర్వాతే టికెట్ల సంగతి చూడండి.

పాస్‌పోర్టులకు ప్రయాణ తేదీ నుంచి కనీసం ఆరు నెలల గడువు ఉండాలి. పేర్లు మరీ ముఖ్యం. మన ఇళ్ళలో 'షేక్' ఒకరి కార్డులో ముందు, మరొకరి కార్డులో వెనుక ఉంటుంది. ఇంగ్లీషులో ఒకచోట చివర 'హెచ్' ఉంటుంది, మరోచోట ఉండదు. పాస్‌పోర్టులో ఉన్నది ఉన్నట్లే టికెట్ మీదా, వీసా మీదా రావాలి. ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి ఒక్క పేరే ఉన్న పాస్‌పోర్టుతో సందర్శక వీసా మీద వచ్చేవారి విషయంలో ఎమిరేట్స్ ప్రభుత్వం 2022 నుంచి కఠినంగా ఉంటున్నది. పాత తరంవారి పాస్‌పోర్టులలో ఇది మామూలు. అత్తగారి పాస్‌పోర్టును ఇవాళే తెరిచి చూడండి.

మెనింజైటిస్ టీకా ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. మస్జిదె నబవీలోని రియాజుల్ జన్నహ్‌లో నమాజుకు 'నుసుక్' యాప్‌లో ముందుగా సమయం తీసుకోవాలి. స్త్రీలకు, పురుషులకు వేర్వేరు సమయాలుంటాయి. అత్తగారి పక్కన మీరుండేలా ఇద్దరూ ఒకే సమయం తీసుకోండి.

మందులు డాక్టరు చీటీతో సహా, వాటి అసలు పెట్టెల్లోనే పెట్టండి. మనకు సులభంగా దొరికే కొన్ని దగ్గు, నొప్పి మందులు గల్ఫ్ దేశాలలో నిషిద్ధం. అన్నిటికంటే ముఖ్యం: మసాలాలో గసగసాలు ఉండరాదు. అవి గల్ఫ్‌లో మాదకద్రవ్యాల జాబితాలో ఉన్నాయి. మరిదికి ప్రేమగా చేసిన మసాలాపొడి మిమ్మల్ని విచారణ గదిలో కూర్చోబెట్టగలదు. ఆవకాయ తీసుకువెళ్ళవచ్చు, కాని చేతిసంచీలో కాదు, పెద్ద సామానులో, గట్టిగా బిగించి.

వీసా నిబంధనలు తరచూ మారుతుంటాయి. డబ్బు కట్టే ముందు ఆయా ప్రభుత్వాల అధికారిక వెబ్‌సైట్లలో మరొకసారి సరిచూసుకోండి. వడ్డీ వాయిదాల మీద మాత్రం టికెట్లు కొనకండి. మీ దగ్గర పదేళ్ళ పొదుపు ఉంది, అది చాలినంత దూరమే వెళ్ళండి.

ప్రయాణికునికి ఇచ్చిన వెసులుబాటు

ప్రయాణం శ్రమతో కూడినదని మన ధర్మం ఎన్నడో గుర్తించింది. నాలుగు రకాతుల ఫర్జ్‌ను ప్రయాణికునికి రెండుగా తగ్గించింది. ఒకే ఊరిలో పదిహేను రోజులకు తక్కువ ఉండదలచినవాడు హనఫీ మజ్‌హబ్ ప్రకారం ప్రయాణికుడే. ప్రయాణం మనిషికి తిండిని, నిద్రను దూరం చేసే కష్టమనీ, పని ముగియగానే ఇంటివారి వద్దకు త్వరగా చేరుకోవాలనీ దైవప్రవక్త (స) బోధించిన భావం బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలలో ఉంది. నమాజునే తేలిక చేసిన ప్రయాణాన్ని మనం నాలుగు దేశాలతో బరువు చేసుకోవడం ఎందుకు?

లోకం చూడాలన్న కోరికను నేను తప్పుపట్టను. ఇబ్నె బతూతా 1325లో, 21 ఏళ్ళ వయసులో, హజ్ కోసం టాంజియర్ నుంచి బయలుదేరాడు. అతడు తిరిగి స్వదేశం చేరేసరికి 1349. తండ్రి మరణించి పదిహేనేళ్ళయిందన్న వార్త అతనికి డమాస్కస్‌లో తెలిసింది. టాంజియర్ ఇంకా కొద్ది దూరం ఉందనగా, కొన్ని నెలల క్రితమే తల్లి కూడా పోయిందని తెలిసింది. ఎన్నో దేశాలు చూసినవాడికి తల్లిని చూడడం మాత్రం దక్కలేదు.

సోదరీ, మీ పిల్లలకు ఇస్తాంబుల్ చూడడానికి ఇన్‌షాఅల్లాహ్ ఎన్నో వేసవులున్నాయి. మీ అత్తగారు అడిగింది నాలుగు రోజులు. ఆమెకు సలాములు అప్పగించిన మీ ఊరివారి జాబితా ఇప్పటికే తయారవుతూ ఉండవచ్చు. ఆ జాబితా ఆమె చేతిలో ఉన్నప్పుడు మీరు గడియారం చూడకండి. చివరి పేరు దాకా ఆమెను చదవనివ్వండి.